పెన్సిల్వేనియాలో మెడికల్ మారిజువానా కార్డు ఎలా తీసుకోవాలి: మన కుటుంబాల కోసం

కీమో అయిపోయిన మూడో నెల నుంచి మా అత్తయ్యకు రాత్రిళ్లు నిద్ర లేదు. పాదాల్లో మంట. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవారు. నరాల నొప్పికి ఇచ్చే మాత్రలు వేసుకుంటే పగలంతా మగత, మంట మాత్రం అలాగే ఉండేది. ఒకరోజు ఆంకాలజీ నర్సు, "మెడికల్ మారిజువానా గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" అని అడిగింది. కారెక్కాక అత్తయ్య నా వైపు తిరిగి అన్న మొదటి మాట: "అంటే గంజాయేనా అమ్మాయ్?"

అవును, గంజాయే. ఆ మాట వినగానే మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడతారు. పోలీసులు లారీల్లో పట్టుకున్న మూటల వార్తలు గుర్తొస్తాయి. కానీ పెన్సిల్వేనియాలో 2016 ఏప్రిల్ 17న గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన చట్టం, యాక్ట్ 16, దీన్ని కొన్ని జబ్బులకు మందుగా వాడుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఆ చట్టం కోసం రాష్ట్ర రాజధాని హ్యారిస్‌బర్గ్‌లో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లలో మూర్ఛలతో బాధపడే పిల్లల తల్లులు చాలామంది ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో దుకాణాల్లో అమ్మకం మొదలైంది. ఇక్కడ సరదాకి వాడుకోవడం ఇప్పటికీ నేరమే. కార్డు లేకుండా చేతిలో కొంచెం ఉన్నా కేసు పెట్టవచ్చు. అందుకే ఈ కార్డు.

మేం తీసుకున్నాక మరో నాలుగైదు కుటుంబాలు ఇదే విషయం అడిగాయి. అడిగిన ప్రతివాళ్లకూ ముందు వీసా సంగతి చెప్పాను, తర్వాతే కార్డు సంగతి. ఇక్కడా అదే వరుసలో రాస్తున్నాను. దయచేసి వరుస మార్చకండి.

ముందుగా: రోగి ఏ స్టేటస్ మీద ఉన్నారు?

కార్డు ఇచ్చేది రాష్ట్రం. వీసాలు, గ్రీన్ కార్డులు, సిటిజన్‌షిప్ చూసేది ఫెడరల్ ప్రభుత్వం. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని అన్నిటికంటే కఠినమైన మొదటి షెడ్యూల్లో పెట్టింది. దాన్ని మూడో షెడ్యూల్‌కి దించాలని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదించింది. అయితే షెడ్యూల్ ఏదైనా, ఫెడరల్ దృష్టిలో అది నియంత్రణలో ఉన్న మత్తు పదార్థమే. "మా రాష్ట్రంలో చట్టబద్ధమే కదా, కార్డు కూడా ఉంది కదా" అన్న మాట ఇమిగ్రేషన్ ఆఫీసర్ దగ్గర చెల్లదు.

ఇందులో మనవాళ్లు గమనించనిది ఒకటుంది. అరెస్టు, కేసు, శిక్ష ఏవీ లేకపోయినా సమస్య రావచ్చు. వాడానని ఆఫీసర్ ముందు నోటితో ఒప్పుకోవడమే సరిపోతుంది. గ్రీన్ కార్డు దరఖాస్తులో భాగంగా చేసే మెడికల్ పరీక్షలో డాక్టరు మత్తు పదార్థాల వాడకం గురించి అడుగుతారు. పౌరసత్వం విషయంలో అయితే ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసి పెట్టింది: రాష్ట్రంలో అనుమతి ఉన్నా సరే, గంజాయికి సంబంధించిన పనులు దరఖాస్తుదారుడి సత్ప్రవర్తనకు అడ్డు కావచ్చని. అడిగితే అబద్ధం చెబుదామా అంటే, అది ఇంకా పెద్ద తప్పు అవుతుంది.

కాబట్టి రోగి అమెరికన్ సిటిజన్ అయితే ఈ భాగం దాటి ముందుకు వెళ్లండి. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, గ్రీన్ కార్డు, వీటిలో ఏది ఉన్నా రాష్ట్రం వెబ్‌సైట్‌లో పేరు కూడా నమోదు చేయకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. కంపెనీ లాయర్ కాదు, మీరు ఫీజు ఇచ్చి పెట్టుకున్న లాయర్. కంపెనీ లాయర్‌కు మీ కంపెనీ కూడా క్లయింటే. ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు మీదే ఉన్న పెద్దవాళ్లు, "ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాం, మాకేమవుతుంది" అనుకుంటారు. ఇండియా వెళ్లి తిరిగొచ్చిన ప్రతిసారీ ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ఎదురుగా నిలబడాల్సిందే. సిటిజన్‌షిప్‌కు అర్హత ఉంటే అది ముందు పూర్తి చేసుకోవడం మంచిదా అన్నది కూడా లాయర్‌ను అడగండి.

ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి చాలామంది అడుగుతారు. వాళ్లకు ఈ కార్డు రాదు. ఇది పెన్సిల్వేనియా నివాసులకే ఇస్తారు, రాష్ట్రం ఇచ్చిన ఐడీ ఉండాలి. కోడలి కార్డు మీద తెచ్చి మామగారికి ఇవ్వడం నేరం. ఆ పని చేస్తే ఇద్దరూ ఇబ్బందిలో పడతారు.

అయితే వీళ్లకు దారి లేదని కాదు. గంజాయిలోని పదార్థాలకు సంబంధించిన మందులే రెండు, ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే సంస్థ) ఆమోదంతో మామూలు ఫార్మసీలో, మామూలు ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతాయి. కార్డు అక్కర్లేదు, ఫెడరల్ చట్టం ప్రకారం కూడా తప్పు లేదు. ఒకటి డ్రోనాబినాల్. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని ప్రయోగశాలలో తయారు చేసి ఇస్తారు. కీమోతో వచ్చే వాంతులకు 1985 నుంచి వాడుకలో ఉంది. (మారినాల్ పేరుతో వచ్చే ఈ క్యాప్సూళ్లలో నువ్వుల నూనె ఉంటుంది. నువ్వులు పడనివాళ్లు ముందే చెప్పాలి.) రెండోది ఎపిడియోలెక్స్, గంజాయిలో మత్తునివ్వని సీబీడీ అనే పదార్థంతో చేసిన మందు. డ్రావే, లెనాక్స్-గ్యాస్టో అనే తీవ్రమైన మూర్ఛ జబ్బులకు 2018లో ఆమోదం వచ్చింది. వీసా మీద ఉన్నవాళ్లు ఆంకాలజిస్టునో న్యూరాలజిస్టునో ముందు వీటి గురించి అడగండి. నా లెక్కలో వాళ్లకు ఇదే సరైన మొదటి మెట్టు.

జబ్బు జాబితాలో ఉందా?

రాష్ట్రం ఒప్పుకున్న జబ్బులు ఇరవైకి పైగా ఉన్నాయి. క్యాన్సర్, మూర్ఛ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, ఏఎల్ఎస్, గ్లాకోమా, క్రోన్స్ లాంటి పేగు జబ్బులు, నరాల జబ్బులు, ఆటిజం, పీటీఎస్‌డీ, సికిల్ సెల్, హెచ్‌ఐవీ, నల్లమందు జాతి మందులకు అలవాటు పడినవాళ్ల చికిత్స, ఎంతకీ తగ్గని తీవ్రమైన నొప్పి, చివరి దశ జబ్బులు. 2019లో యాంగ్జైటీ, టూరెట్ కూడా చేర్చారు. నిద్రలేమి విడిగా ఈ జాబితాలో లేదు. కానీ నొప్పి వల్లే నిద్ర పట్టడం లేదంటే, అసలు జబ్బు నొప్పి అవుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గంజాయి నూనె క్యాన్సర్ గడ్డల్ని కరిగించేస్తుందని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. వాటిని నమ్మి కీమో ఆపేయకండి. వాంతులు, ఆకలి లేకపోవడం, నొప్పి, కండరాల బిగుతు లాంటి బాధలను కొంతమందికి కొంతవరకు తగ్గిస్తుంది. మా అత్తయ్యకు మంట సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంకొకరికి ఏమీ తేడా లేదు, తల తిరగడం మాత్రం మిగిలింది.

ఐడీ, పేరు, అడ్రసు

పెన్‌డాట్ (రాష్ట్ర రవాణాశాఖ) ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు గానీ, డ్రైవింగ్ చేయనివాళ్లకు ఇచ్చే ఫొటో ఐడీ గానీ ఉండాలి. పెద్దవాళ్ల దగ్గర చాలాసార్లు పాస్‌పోర్టు తప్ప ఏమీ ఉండదు. అలాంటప్పుడు ముందు పెన్‌డాట్ ఐడీ చేయించండి.

మాకు రెండు వారాలు ఆలస్యమైంది ఇక్కడే. రాష్ట్రం వెబ్‌సైట్‌లో మీరు కొట్టే పేరు, అడ్రసు పెన్‌డాట్ రికార్డుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మన పేర్లతో ఇది పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు కొందరు, చివర రాసేవాళ్లు కొందరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు ఒకచోట పాతది, ఒకచోట కొత్తది. "వెంకట లక్ష్మి నరసమ్మ" అని మూడు ముక్కల పేరుంటే లైసెన్సులో మొదటి ముక్క ఫస్ట్ నేమ్ అయింది, మిగతా రెండూ కలిపి మిడిల్ నేమ్ అయ్యాయి. పాస్‌పోర్టులో మూడూ కలిపి ఒకటే. కొందరి లైసెన్సులో అసలు పేరే ఉండదు, ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉంటుంది. నేను అత్తయ్య పాస్‌పోర్టు చూసి పేరు కొట్టాను, వెబ్‌సైట్ ఒప్పుకోలేదు. లైసెన్సు ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న వరుసలోనే కొడితే వెంటనే ఒప్పుకుంది.

అడ్రసు కూడా అంతే. కొడుకు ఇంటి నుంచి కూతురి ఇంటికి మారి, పెన్‌డాట్‌లో పాత అడ్రసే ఉంచేసిన పెద్దవాళ్లు చాలామంది. కార్డు పోస్టులో ఆ అడ్రసుకే వెళ్తుంది. అందుకే ముందు పెన్‌డాట్‌లో మార్పించి, ఆ తర్వాతే దరఖాస్తు మొదలుపెట్టండి.

రాష్ట్రం వెబ్‌సైట్‌లో నమోదు

పెన్సిల్వేనియా ఆరోగ్యశాఖ వెబ్‌సైట్‌లో మెడికల్ మారిజువానా రిజిస్ట్రీ ఉంటుంది. అక్కడ రోగి పేరుతో ప్రొఫైల్ తెరవాలి. గూగుల్‌లో వెతక్కుండా, ఆరోగ్యశాఖ డాట్ గవ్ వెబ్‌సైట్ నుంచే అక్కడికి వెళ్లండి. "పది నిమిషాల్లో కార్డు, డాక్టరు అక్కర్లేదు" అనే సైట్లు గూగుల్‌లో పైనే కనిపిస్తాయి, అవి మోసం. ఏ ప్రైవేటు సైటుకూ కార్డు ఇచ్చే అధికారం లేదు. కార్డు ఇచ్చేది రాష్ట్రం ఒక్కటే.

నమోదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. పేరు, పుట్టిన తేదీ, ఐడీ నంబరు, ఈమెయిలు ఇస్తే ఒక పేషెంట్ నంబరు వస్తుంది. అది ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టరు అడుగుతారు. ఈమెయిలు పెద్దవాళ్లదే ఇవ్వండి, కానీ అది మీ ఫోన్లో కూడా తెరుచుకునేలా చూసుకోండి. రాష్ట్రం నుంచి కబురు వచ్చేది ఆ మెయిలుకే.

డాక్టరు దగ్గర

మామూలు ప్రిస్క్రిప్షన్ కాదిది. రోగికి జాబితాలోని జబ్బు ఉందని, ఈ మందు ఉపయోగపడవచ్చని డాక్టరు రాష్ట్రానికి ధ్రువీకరణ ఇస్తారు. ఆ పని అందరు డాక్టర్లూ చేయలేరు. ప్రత్యేకంగా నాలుగు గంటల శిక్షణ తీసుకుని, ఆరోగ్యశాఖ దగ్గర పేరు నమోదు చేసుకున్నవాళ్లే చేయాలి. ఆ జాబితా ఆరోగ్యశాఖ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

మొదట మీ సొంత డాక్టరునే అడగండి. ఆంకాలజిస్టు, న్యూరాలజిస్టు, నొప్పి క్లినిక్ డాక్టరు ఎవరైనా ఆ జాబితాలో ఉంటే అంతకంటే మేలు లేదు. మీ మందులన్నీ వాళ్లకు తెలుసు. వాళ్లు చేయకపోతే బయటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. 2021 చట్టసవరణ తర్వాత ఫోన్లో, వీడియోలో కూడా చూస్తున్నారు. ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. ఇన్సూరెన్సు ఇవ్వదు. హెచ్‌ఎస్‌ఏ, ఎఫ్‌ఎస్‌ఏ ఖాతాల్లో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునేవి) ఉన్న డబ్బు కూడా ఈ మందుకు వాడకూడదు. ఫెడరల్ పన్ను నిబంధనల్లో దీన్ని వైద్య ఖర్చుగా ఒప్పుకోరు.

మేం మొదట వెళ్లినచోట వీడియో కాల్ నాలుగు నిమిషాల్లో ముగిసింది. అత్తయ్య రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటారని ఆయన అడగలేదు, చెప్పడానికి నాకు సందు దొరకలేదు. ఆ సర్టిఫికెట్‌తో ముందుకు వెళ్లడానికి మనసొప్పక, ఇంకో డాక్టరుకు మళ్లీ ఫీజు కట్టాం. ఆవిడ ముప్పావుగంట మాట్లాడారు. వార్ఫరిన్ లాంటి మందుల మీద గంజాయి ప్రభావం ఉంటుందని, రక్తపరీక్ష మామూలుకంటే తరచుగా చేయించాలని చెప్పింది ఆవిడే. డబ్బు పోయినా పర్లేదు, అడగాల్సినవన్నీ అడిగే డాక్టరును వెతుక్కోండి.

వెళ్లేటప్పుడు జబ్బు నిర్ధారణ కాగితం, ఈమధ్య డాక్టరు రాసిన విజిట్ సారాంశం, వేసుకుంటున్న మందులన్నిటి పట్టిక దగ్గర ఉంచుకోండి. ఇండియా నుంచి తెప్పించుకున్న ఆయుర్వేదం, హోమియో కూడా పట్టికలో రాయండి. గుండెజబ్బు, కింద పడిపోవడం, గతంలో మానసిక జబ్బు, ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా, గర్భం, బిడ్డకు పాలివ్వడం, వీటిలో ఏది ఉన్నా అడగకపోయినా చెప్పండి.

మన పెద్దవాళ్లతో ఇంకో ఇబ్బంది ఉంది. రాత్రంతా మూలిగిన మనిషి డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే "ఫైన్, ఫైన్" అంటారు. పరాయివాళ్ల ముందు బాధ చెప్పుకోవడం మనకు అలవాటు లేదు. అందుకే వారం ముందు నుంచి ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎన్నిసార్లు లేచారు, ఏ పని చేయలేకపోయారు. నొప్పిని అత్తయ్య తెలుగులో ఎలా చెప్పారో అలాగే రాశాను. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, పిక్కల్లో గుంజుడు, ఎముకలో సలుపు. ఇవన్నీ ఒకటే నొప్పి కావు. మంట, సూదులు గుచ్చడం అంటే నరం నుంచి వచ్చేదని, సలుపు వేరే కారణం కావచ్చని డాక్టరుకు దాన్నిబట్టి అర్థమవుతుంది. "పెయిన్" అనే ఒక్క మాటతో సరిపెట్టకండి. ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు మీరు పక్కన కూర్చుని అనువాదం చేయండి, కానీ జవాబు మాత్రం వాళ్లనే చెప్పనివ్వండి.

డాక్టరు ఒప్పుకుంటే రాష్ట్రం రిజిస్ట్రీలోనే ధ్రువీకరణ పెడతారు. ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి. ఆ కారణం వినదగ్గదే కావచ్చు.

ఫీజు, కార్డు

ధ్రువీకరణ రిజిస్ట్రీలోకి ఎక్కాక మీరు మళ్లీ లాగిన్ అయి 50 డాలర్లు కట్టాలి. మెడికెయిడ్, స్నాప్, విక్, చిప్, పేస్, పేస్‌నెట్ అనే ప్రభుత్వ సాయం పథకాల్లో ఉన్నవాళ్లకు ఫీజు మినహాయింపు ఉంది. అడగడానికి మొహమాటపడకండి. ఆ తర్వాత కార్డు పోస్టులో వస్తుంది. మామూలు ఉత్తరంలాగే ఉంటుంది, ప్రకటన కాగితం అనుకుని పారేయకండి. కార్డు వచ్చేదాకా ఏదీ కొనకూడదు, ఎవరి దగ్గరా తీసుకోకూడదు.

రోగి వెళ్లలేకపోతే: కేర్‌గివర్

మంచం మీద ఉన్నవాళ్ల తరఫున ఇంకొకరు దుకాణానికి వెళ్లి తేవచ్చు. కానీ "నేను కొడుకుని" అంటే ఇవ్వరు. ఆ మనిషి కేర్‌గివర్‌గా విడిగా నమోదు చేసుకోవాలి. 21 ఏళ్లు నిండాలి, వేలిముద్రలు ఇచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి, కేర్‌గివర్ కార్డు రావాలి, రోగి తన ప్రొఫైల్లో ఆ మనిషిని చేర్చాలి. దీనికి వారాలు పట్టవచ్చు, అందుకే రోగి నమోదుతో పాటే ఇదీ మొదలుపెట్టండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు కేర్‌గివర్ తప్పనిసరి, మామూలుగా తల్లో తండ్రో ఉంటారు.

మొదట్లో చెప్పిన వీసా సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. అమ్మ సిటిజన్, కొడుకు హెచ్-1బి. అమ్మకు కార్డుంది కాబట్టి సరేననుకుని కొడుకు కేర్‌గివర్ అవుతాడు. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ సీసా చేతిలో ఉన్నది కొడుకు. ముప్పు అతనికే. మా ఇంట్లో అత్తయ్యను చూసుకునేది నేనే, పగలంతా ఆవిడ దగ్గర ఉండేది నేనే. అప్పటికి నాకు గ్రీన్ కార్డే. అందుకే కేర్‌గివర్‌గా సిటిజన్ అయిన మావారి పేరు పెట్టాం, ప్రతి రెండు వారాలకోసారి ఆఫీసు అయ్యాక ఆయనే వెళ్లి తెచ్చారు. కష్టమే అయింది. అయినా అదే సరైన పని.

దుకాణంలో

దాన్ని డిస్పెన్సరీ అంటారు. తలుపు దగ్గరే కార్డు, ఫొటో ఐడీ రెండూ చూస్తారు. క్రెడిట్ కార్డు పనిచేయదు, నగదు తీసుకెళ్లండి, కొన్నిచోట్ల డెబిట్ తీసుకుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్లో అమ్మేవాళ్లతో కాకుండా ఫార్మసిస్టుతో మాట్లాడాలని అడగండి. డిస్పెన్సరీల్లో వైద్య నిపుణులు అందుబాటులో ఉండాలని చట్టమే చెబుతుంది. మందుల పట్టిక వాళ్లకు కూడా చూపించండి.

ఈ రాష్ట్రంలో మాత్రలు, నూనెలు, నాలుక కింద వేసుకునే చుక్కలు, పైపూత లేపనాలు, వేపరైజర్‌తో పీల్చేవి, ఎండుటాకు అమ్ముతారు. ఎండుటాకును వేపరైజర్‌లో వాడాలి, చుట్టి కాల్చి పొగ తాగడానికి అనుమతి లేదు. చాక్లెట్లు, కుకీల లాంటివి అమ్మరు. పెద్దవాళ్లకు చుక్కలు, మాత్రలు నయం అని నా అభిప్రాయం. ఎంత వేశామో లెక్క తెలుస్తుంది, వాసన ఉండదు, దగ్గు రాదు.

లేబుల్ మీద రెండు సంఖ్యలు చూడండి. టీహెచ్‌సీ మత్తు ఇచ్చేది, సీబీడీ మత్తు ఇవ్వనిది. మా డాక్టరు అత్తయ్యకు రాత్రికి 2.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో మొదలుపెట్టించారు, అది కూడా సీబీడీ కలిసిన రకం. మీ డాక్టరు ఎంత చెబితే అంత. నోటి ద్వారా తీసుకున్నది పనిచేయడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. అరగంట చూసి "ఏం పని చేయట్లేదే" అని రెండోసారి వేసుకుంటారు, రెండూ కలిసి ఒకేసారి ఎక్కుతాయి. గుండె దడ, భయం, నిలబడలేకపోవడం. ఆ రాత్రికి ఒక్కసారే, అంతే. పెంచాలంటే కొన్ని రోజులు చూసి, డాక్టరును అడిగి కొంచెం కొంచెంగా పెంచండి. మొదటి వారం రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తోడుండండి. బీపీ పడిపోయి కళ్లు తిరగడం మామూలే, తుంటి విరిగితే క్యాన్సర్ కంటే పెద్ద కష్టం.

సీసాను దాని అసలు ప్యాకింగులోనే, తాళం వేసిన పెట్టెలో పెట్టండి. మనవలు ఉన్న ఇల్లయితే తప్పనిసరిగా. పిల్లలు పొరపాటున మింగితే పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222కు వెంటనే ఫోన్ చేయండి. ఊపిరి తేడాగా ఉన్నా, ఎంత లేపినా లేవకపోయినా నేరుగా 911.

కారు, ఉద్యోగం, ప్రయాణం

కార్డు ఉన్నా కారు నడిపే విషయంలో ఈ రాష్ట్రం చాలా కఠినం. రక్తంలో గంజాయి గానీ, అది శరీరంలో విరిగి మిగిలిన పదార్థం గానీ కొంచెం ఉన్నా డ్రైవింగ్ నేరం కింద కేసు పెట్టవచ్చు. మత్తు దిగి రోజులు గడిచినా ఆ మిగులు రక్తంలో కనిపిస్తుంది. అత్తయ్య మొదటి చుక్క వేసుకున్న రోజే కారు తాళాలు మావారికి ఇచ్చేశారు. ఇంకా డ్రైవ్ చేస్తున్న రోగులు ఈ విషయం కార్డుకు ముందే ఆలోచించుకోవాలి.

కార్డు ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగంలోంచి తీయకూడదని యాక్ట్ 16 చెబుతుంది. కానీ ఫెడరల్ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్లకు, ట్రక్కు డ్రైవర్లలా ఫెడరల్ రవాణాశాఖ పరీక్షలు ఉండేవాళ్లకు ఆ రక్షణ పనిచేయకపోవచ్చు. ఇంట్లో తుపాకీ ఉంటే అది కూడా లాయర్‌తో మాట్లాడాల్సిన సంగతే. గంజాయి వాడేవాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని ఫెడరల్ నిబంధన.

పక్కనే న్యూజెర్సీ. అక్కడ 21 ఏళ్లు నిండిన ఎవరైనా కొనుక్కోవచ్చు, 2022 ఏప్రిల్ నుంచి అమ్ముతున్నారు. ఎడిసన్‌లో బంధువుల ఇంటికి వెళ్లి వస్తూ కొనుక్కొస్తే సరిపోదా అని అడుగుతారు. డెలావేర్ నది వంతెన దాటించడం ఫెడరల్ నేరం. ఇక్కడ కొన్నది అటు తీసుకెళ్లినా అంతే. విమానంలో అసలే వద్దు.

ఇండియాకు ఒక్క చుక్క కూడా తీసుకెళ్లకండి. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం అమెరికా కార్డును గుర్తించదు. కొద్ది మొత్తం దొరికినా ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. దుబాయ్, దోహా మీదుగా వెళ్లేవాళ్లకు ఆ దేశాల చట్టాలు ఇంకా కఠినం. సూట్‌కేసు సర్దే ముందు పెద్దవాళ్ల చేతిసంచి, మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె మీరే తెరిచి చూడండి. అలవాటుగా అందులో వేసేసుకుంటారు. ప్రయాణం రోజుల్లో బాధకు ఏం వాడాలో నెల ముందే డాక్టరును అడిగి, మామూలు ప్రిస్క్రిప్షన్ మందు రాయించుకోండి.

ఏడాది తర్వాత

కార్డు గడువు ఏడాది. కొత్త కార్డుకు డాక్టరు మళ్లీ ధ్రువీకరించాలి, మళ్లీ 50 డాలర్లు కట్టాలి. కొందరు డాక్టర్లు మొదటిసారి ఏడాదికి బదులు తక్కువ కాలానికే ధ్రువీకరిస్తారు. అప్పుడు కార్డు మీద తేదీ ఇంకా ఉన్నా దుకాణంలో ఇవ్వరు. రెండు తేదీలూ చూసుకోండి. రెండు నెలల ముందే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంటే మధ్యలో మందు లేని రోజులు రావు. నేను రెండింటినీ మా వంటగది గోడమీద క్యాలెండర్లో, అత్తయ్య స్కాన్ తేదీ పక్కనే ఎర్ర పెన్నుతో రాసి పెట్టాను. మందు పనిచేస్తోందా లేదా అని నోటుపుస్తకం చూసి డాక్టరుకు చెప్పేది కూడా ఆ అపాయింట్‌మెంట్‌లోనే. ఏ తేడా కనిపించకపోతే ఆ 50 డాలర్లు కట్టక్కర్లేదు.